రోమన్ నాణెం ఏ టంకశాలది? చేతిపని చూసి పోల్చడం

(రోమన్ నాణేల మీద ఇచ్చిన ప్రసంగానికి రికార్డింగు నుంచి తీసిన రాతప్రతి. తెర మీద చూపిన ఫొటోలు ఇక్కడ లేవు.)

అందరికీ నమస్కారం. వెనకాల ఉన్నవాళ్ళు ముందు వరసల్లోకి రండి, ఖాళీలున్నాయి. ఈ రోజు చూపించేవన్నీ చిన్న చిన్న విషయాలు. అక్షరం తోక, గడ్డంలో ఒక పాయ, మెడ కింద ఒక గుండు. అక్కణ్ణుంచి ఏమీ కనపడవు.

ఇవిగో, రెండు వెండి దీనారాలు. రెండింటి మీదా సెప్టిమియస్ సెవెరస్ చక్రవర్తి బొమ్మే. రెండూ క్రీ.శ. 194, 195 ప్రాంతానివి. రెండూ మూడు గ్రాముల పైచిలుకు బరువు, 18 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వెడల్పు. ఎడమ పక్కది రోములో అచ్చయింది. కుడి పక్కది సిరియా వైపు అచ్చయింది. దేని మీదా ఊరి పేరు లేదు. మరి ఇది రోముది, అది సిరియాది అని ఎలా అంటున్నాం? ఎవరైనా చెబుతారా?

ముఖం తేడాగా ఉందంటున్నారు. నిజమే, ఉంది. కానీ ముఖంతో మొదలుపెడితే దారి తప్పుతాం. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

ముందు ఒక సంగతి. రోమన్ నాణెం అంటే రోమ్ నగరంలో అచ్చయిన నాణెం అని కాదు. సైన్యానికి జీతాలివ్వాలి. ఆ సైన్యం రైన్ నది ఒడ్డున ఉంటుంది, డాన్యూబ్ ఒడ్డున ఉంటుంది, సిరియా సరిహద్దులో ఉంటుంది. పైగా సింహాసనం కోసం నలుగురు కొట్టుకుంటుంటే నలుగురికీ డబ్బు కావాలి, ఎక్కడివాడు అక్కడే టంకశాల పెట్టుకుంటాడు. అలా లుగ్దునంలో, అంటే ఇప్పటి ఫ్రాన్సులోని లియాన్‌లో, ఈజిప్టు అలెక్సాండ్రియాలో, సిరియా అంతియొకయలో, మిలాన్‌లో, సిస్కియాలో, సిజికస్‌లో టంకశాలలు వచ్చాయి. మూడో శతాబ్దం చివరికి, ముఖ్యంగా 294 ప్రాంతంలో డయోక్లెషియన్ చక్రవర్తి చేసిన నాణేల సంస్కరణ తర్వాత, టంకశాల గుర్తు వేయడం అలవాటైంది. బొరుసు మీద అడుగు గీత కింద ఊరి పేరు పొట్టిగా రెండు మూడు అక్షరాల్లో ఉంటుంది. ట్రియర్‌కు టి, ఆర్. అంతియొకయకు ఏ, ఎన్, టి. అక్కడ మనకు పెద్ద పనిలేదు. అంతకు ముందటి మూడు శతాబ్దాలు ఉన్నాయే, అవి మన పని.

ఇంకో సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తాను, ఈ రోజంతా దీని చుట్టే తిరుగుతాం కాబట్టి. శైలి ఊరి పేరు చెప్పదు. శైలి చేతిని చెబుతుంది. ఇదిగో ఈ నలభై నాణేలూ ఒకే పనివాళ్ళ జట్టు చెక్కిన అచ్చులతో కొట్టినవి, అంతవరకే. ఆ జట్టు ఏ ఊళ్ళో కూర్చుని పనిచేసింది అన్నది వేరే సాక్ష్యంతో తేలాలి. ఈ రెండు ప్రశ్నలనూ ఒకటిగా కలిపేయడం వల్లే పాత కేటలాగుల్లో సగం గందరగోళం వచ్చింది.

అచ్చు దగ్గరికి వెళదాం. ఇనుముదో కంచుదో ఒక దిమ్మె. దాని కొస మీద బొమ్మను తిరగేసి, లోతుకు చెక్కుతారు. అంతా చేత్తోనే. కింది అచ్చు దిమ్మలో బిగించి ఉంటుంది, మామూలుగా అది బొమ్మ వైపు, చక్రవర్తి తల ఉన్న వైపు. పై అచ్చు చేత్తో పట్టుకునేది, అది బొరుసు. మధ్యలో వెండి బిళ్ళ పెట్టి సమ్మెటతో కొడతారు. దెబ్బ నేరుగా తినేది పై అచ్చు కాబట్టి అది ముందు పగులుతుంది. అందుకే ఒకే తల అచ్చుతో రెండు మూడు బొరుసు అచ్చులు జతపడటం మనకు తరచూ కనిపిస్తుంది. ఇది గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

అచ్చు అరిగితే కొత్తది చెక్కాలి. పెద్ద టంకశాలలో ఒక్కో చక్రవర్తి కాలంలో వందల అచ్చులు. ఒక్కోటీ విడిగా చేత్తో చెక్కిందే. అందరికీ నమూనా ఒకటే, చేతులు వేరు. ఊరి నుంచి ఉత్తరం వస్తే కవరు విప్పకుండానే, పైన రాత చూసి ఇది బాబాయి రాశాడని చెప్పేవాళ్ళం కదా, ఇదీ అంతే. బాబాయి ఏం రాశాడన్నది కాదు, 'ళ' ఎలా తిప్పాడన్నది.

అందుకే ముఖంతో మొదలుపెట్టొద్దన్నాను. ముఖం దగ్గర పనివాడు ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేస్తాడు. ఎదురుగా నమూనా ఉంటుంది, పోలిక రాకపోతే పైవాడు ఊరుకోడు. నమూనా మారితే ముఖమూ మారుతుంది. అంటే ముఖంలో తేడా టంకశాల తేడా కావచ్చు, ఏడాది తేడా కావచ్చు, ఇద్దరు పనివాళ్ళ తేడా కావచ్చు. అక్షరాల దగ్గర అలా కాదు. అక్కడ చెయ్యి అలవాటుగా పోతుంది.

కాబట్టి వరస ఇదీ. మొదట అక్షరాలు. ఎమ్ కాళ్ళు నిటారుగా ఉన్నాయా, బార్లా చాపి ఉన్నాయా. ఆర్ తోక తిన్నగా దిగిందా, వంగిందా. పి పొట్ట మూసుకుందా, తెరిచి ఉందా. కొసల్లో చీలిక ఉందా, చుక్క ఉందా, ఏమీ లేదా. అక్షరానికీ అక్షరానికీ మధ్య జాగా సమంగా ఉందా, లేక చివరికి వచ్చేసరికి చోటు చాలక ఇరికించాడా. ఆ తర్వాత తలకు చుట్టిన లారెల్ దండ, వెనక ముడి నుంచి వేలాడే రిబ్బను కొసలు. అవి మెడ మీద పడ్డాయా, గాల్లోకి లేచాయా. తర్వాత మెడ ఎక్కడ, ఏ వంపులో తెగింది. తర్వాత అంచు చుట్టూ ఉన్న చుక్కల వరస, చుక్కలు విడివిడిగా ఉన్నాయా, కలిసిపోయి గీతలా అయ్యాయా. ఆ తర్వాత బొరుసు మీద నిలబడ్డ దేవత: తల ఎంత, ఒళ్ళు ఎంత, చీర మడతలు గీతలుగా గీశాడా, ఉబ్బుగా చెక్కాడా. చీర అంటున్నాను, మీకు అర్థమవుతుందని. ఇవన్నీ అయ్యాక ముఖం.

ఒక్క హెచ్చరిక. ఏ ఒక్క లక్షణమూ ఒంటరిగా సాక్ష్యం కాదు. 'ఏ' (A) అనే అక్షరం మధ్య గీత లేకుండా తలకిందుల 'వి' (V) లాగా ఉంటే 'ఇది అనాగరికుల నకలు' అని తేల్చేసేవాళ్ళున్నారు. రోములోని అధికారిక అచ్చుల మీదే గీత లేని 'ఏ' బోలెడు కనిపిస్తుంది. మూడు నాలుగు లక్షణాలు ఒకే వైపు చూపించాలి, అప్పుడే మాట్లాడాలి.

నీరో నాణేలతో సాధన

కన్ను ఎలా అలవాటు చేసుకోవాలి? జవాబు ముందే తెలిసిన నాణేలతో. ఇందుకు నీరో కాలపు ఇత్తడి, రాగి నాణేలంత మంచి పాఠం ఇంకోటి లేదని నా అభిప్రాయం.

నీరో పెద్ద ఇత్తడి నాణెం, సెస్టెర్షియస్, చూడండి. 35 మిల్లీమీటర్లు, పాతిక గ్రాముల పైన. ఇంత పెద్దది కాబట్టి కొత్తవాళ్ళకు అనువు. 64 ప్రాంతం నుంచి ఈ నాణేలు రెండు చోట్ల కొట్టారు, రోములోనూ, లుగ్దునంలోనూ. లుగ్దునంవాళ్ళు మనకో మేలు చేశారు. మెడ ముందు కొసన, సరిగ్గా చివర, ఒక చిన్న గుండు పెట్టారు. భూగోళమంటారు. కనిపిస్తోందా? పెసరగింజలో సగం కూడా ఉండదు. అది ఉంటే లుగ్దునం. వెస్పాసియన్ చక్రవర్తి కాలంలోనూ లుగ్దునం ఇత్తడి, రాగి నాణేల మీద ఈ గుండు వస్తుంది.

రాత కూడా తోడొస్తుంది. రోములో ఎక్కువగా నీరో పేరుతో మొదలవుతుంది: నీరో క్లాడ్ సీజర్, అలా. లుగ్దునంలో ఎక్కువగా ముందు 'ఇంప్' వచ్చి తర్వాత నీరో సీజర్ అని వస్తుంది. ఇంప్ అంటే ఇంపరేటర్.

ఇప్పుడు సాధన. మంచి ఫొటోలు ఇరవై తీసుకోండి, రెండు టంకశాలలవీ కలిపి. గుండు మీద కాగితం ముక్క అంటించండి. రాత మొదలయ్యే చోటూ మూసేయండి. అప్పుడు చెప్పండి, ఏది ఎక్కడిదో. మొదట్లో సగం తప్పులు పోతాయి. పోనీయండి. మెడ తెగిన తీరు చూడటం మొదలుపెట్టాక తప్పులు తగ్గుతాయి. లుగ్దునం మెడ కొస ముందుకు మొనదేలి ఉంటుంది, గుండు కూర్చోవాలి కదా. రోములో ఆ మొన అవసరం లేదు. గుర్తు మనకు గురువు. గురువు ఎదుట లేనప్పుడు కూడా పాఠం ఒప్పజెప్పగలగాలి, ఎందుకంటే అరిగిపోయిన నాణెం మీద మొదట మాయమయ్యేది ఆ గుండే. మరీ అంచులో ఉంటుంది, చిన్నది, ఎత్తుగా ఉంటుంది.

సెవెరస్, సిరియా

ఇక అసలు చిక్కు. 193లో చక్రవర్తి పెర్టినాక్స్ హత్య అయ్యాక రోము గద్దెకు పోటీ పడ్డవాళ్ళు చాలామంది. డాన్యూబ్ సైన్యాలు సెవెరస్‌ను ఎన్నుకున్నాయి. సిరియా సైన్యాలు పెసెన్నియస్ నైగర్‌ను ఎన్నుకున్నాయి. నైగర్ అంతియొకయలో వెండి దీనారాలు కొట్టించాడు. 194లో ఇస్సస్ దగ్గర నైగర్ ఓడిపోయాడు. ఈ యుద్ధకాలంలోనే తూర్పున సెవెరస్ పేరుతోనూ దీనారాలు మొదలయ్యాయి. రోము టంకశాల తన పని తాను చేస్తూనే ఉంది. అంటే ఒకే చక్రవర్తి, ఒకే రకం నాణెం, ఒకే సమయంలో మూడు నాలుగు చోట్ల.

ఇక్కడ మన ఆధారస్తంభం ఏమిటి? రాత. సెవెరస్ మొదటి ఏడాది రోములో తల చుట్టూ 'ఇంప్ కే ఎల్ సెప్ సెవ్ పెర్ట్ ఆగ్' అని వేశారు. ఆగ్‌తో ఆగిపోతుంది. తర్వాత ఏడాది నుంచి రోము పద్ధతి మారింది. 'ఎల్ సెప్ట్ సెవ్ పెర్ట్ ఆగ్ ఇంప్' అని, వెనక ఒక అంకె. ఎన్నోసారి విజేతగా ప్రకటించారో ఆ అంకె. తూర్పున ఒక జట్టు మాత్రం పాత పద్ధతే పట్టుకుని, చివర సి, ఓ, ఎస్ అని, దాని పక్కన రోమన్ అంకె ఒకటో రెండో చేర్చింది. కాన్సుల్ అనే రోము పెద్ద పదవి ఎన్నోసారో చెప్పడానికి. ఇంప్ కే అని మొదలై, కాస్ రెండు అని ముగిసే తల రాత కనిపిస్తే అది రోము కాదు. ఇందులో శైలితో పనే లేదు.

ఈ కాస్ రెండు నాణేలు ఎన్ని వీలైతే అన్ని పోగేసుకోండి, ఫొటోలే చాలు. ఇవే మీ గీటురాయి. వీటి అక్షరాలు, రిబ్బను, గడ్డం బాగా నానాలి కంటికి. అప్పుడు అసలు ప్రశ్నకు వెళ్ళాలి. అసలు ప్రశ్న రాణిగారు.

జూలియా డొమ్నా. సెవెరస్ భార్య. ఆమె నాణేల మీద 193 నుంచి 196 వరకు 'జూలియా డొమ్నా ఆగ్' అని, తర్వాత 'జూలియా ఆగుస్టా' అని ఉంటుంది. అంతే. ఏడాది లేదు, కాన్సుల్ లెక్క లేదు. రోమూ అదే రాసింది, తూర్పూ అదే రాసింది. బొరుసు మీద వీపు మనవైపు పెట్టి, స్తంభానికి ఆనుకుని నిలబడ్డ వీనస్ ఉందే, ఆ బొమ్మ రెండు చోట్లా ఉంది. ఇప్పుడేం చేస్తారు?

బొరుసు తిప్పండి. బొరుసు అక్షరాలు చూడండి. రాజు నాణెం బొరుసునూ రాణి నాణెం బొరుసునూ చెక్కింది అదే జట్టు పనివాళ్ళే. కాస్ రెండు నాణేల బొరుసుల మీద అక్షరం ఎలా ఉందో, ఎంత దళసరిగా ఉందో, దేవత చెయ్యి ఎలా వంగిందో, అదే చెయ్యి రాణి బొరుసు మీద కనిపిస్తే జత కుదిరినట్టే. రాణి జుట్టు చూసి కాదు. జుట్టు నమూనాను బట్టి వస్తుంది.

ఇంకో ఆధారం, అక్షరదోషాలు. తూర్పు జట్టు గ్రీకు మాట్లాడే ఊళ్ళలో పనిచేసింది. వాళ్ళకు లాటిన్ ఇంటి భాష కాదు. అక్షరాలు తారుమారవుతాయి, విభక్తులు తప్పుతాయి. నైగర్ నాణేల మీదా ఇదే తంతు. నైగర్ వాడిన బోని ఈవెంటస్, ఫోర్టూన్ రెడుక్, ఇన్విక్టో ఇంప్ లాంటి బొరుసులు సెవెరస్ తూర్పు దీనారాల మీద మళ్ళీ వస్తాయి. రాజు ఓడిపోయినా పనివాడి పని ఆగదు కదా. కానీ దోషం ఉన్నంత మాత్రాన తూర్పుది అనకండి, రోము అచ్చుల మీదా అప్పుడప్పుడూ తప్పులున్నాయి.

మూడో ఆధారం, అచ్చుల దిశ. దీన్ని చాలామంది రాసుకోరు, రాసుకోవాలి. నాణెం తల నిటారుగా ఉండేలా, పై అంచు, కింది అంచుల మధ్య పట్టుకోండి. పుస్తకంలో పేజీ తిప్పినట్టు పక్కకు తిప్పండి. బొరుసు కూడా నిటారుగా వస్తే గడియారం 12 అని రాసుకోండి. తలకిందులుగా వస్తే 6. సెవెరస్ కాలంలో రోము నాణేలు 12, 6 రెండూ కలగలిపి వస్తాయి. అలెక్సాండ్రియాలో కొట్టిన దీనారాలు దాదాపు అన్నీ 12. టెట్రాడ్రాక్మ్‌లు అనే అక్కడి స్థానిక నాణేల పద్ధతీ అదే. ఒక్క నాణెం 12 అయితే ఏమీ తేలదు. ఒకే శైలి నాణేలు ముప్పై చూస్తే ముప్పైయ్యీ 12 అయితే, అప్పుడు తేలుతుంది.

అలెక్సాండ్రియా దగ్గర మనకు ఇంకో అదృష్టం. ఆ టెట్రాడ్రాక్మ్‌లు ఎక్కడివో అనుమానమే లేదు. గ్రీకు రాత, పరిపాలన సంవత్సరం అంకె, అన్నీ ఉంటాయి. దీనారం మీది తల, టెట్రాడ్రాక్మ్ మీది తల పక్కపక్కన పెడితే ఒకే పనివాళ్ళ చెయ్యి కనిపిస్తుంది. ఊరి పేరు అలా వచ్చింది. చూశారా, శైలి ఒక వంతెన మాత్రమే. అవతలి ఒడ్డున పేరు తెలిసిన నాణెం ఉండాలి.

ఇప్పుడు మిగతా తూర్పు నాణేల సంగతి. 1936లో వచ్చిన రోమన్ ఇంపీరియల్ కాయినేజ్ అనే కేటలాగు సంపుటం కాస్ రెండు జట్టును ఎమెసాకు, అంటే నేటి హోమ్స్‌కు ఇచ్చింది. తర్వాత వచ్చిన కొత్త శైలి జట్టును లవొదికయకు ఇచ్చింది. లవొదికయ అనగానే మీలో కొందరికి బైబిలు ప్రకటన గ్రంథంలోని సంఘం గుర్తొస్తుంది. అది వేరే ఊరు, ఫ్రుగియలోది. ఇది సిరియా సముద్రతీరంలోది, నేటి లటాకియా. ఎందుకిచ్చారు? ఎమెసా డొమ్నా పుట్టిన ఊరు. నైగర్‌తో నిలబడిందని అంతియొకయను సెవెరస్ శిక్షించాడు, తనవైపు నిలబడిన లవొదికయ హోదా పెంచాడు. కథగా బాగుంది. కానీ ఆలోచించండి, ఇందులో నాణెం మీద కనపడే సాక్ష్యం ఏది? ఒక్కటీ లేదు. రాణి పుట్టిల్లు టంకశాలకు రుజువా? అందుకే ఇప్పుడు జాగ్రత్తగలవాళ్ళు 'ఎమెసా' అని గుంపుకు పెట్టిన పేరుగానే వాడతారు. గుంపు నిజం. పేరు ఊహ. మీరు కవరు మీద రాసుకునేటప్పుడు పక్కన ప్రశ్నార్థకం పెట్టండి.

లవొదికయ గుంపు ఇంకా చిక్కు. 198 నుంచి రోమూ ఇదీ ఒకటే తల రాత వాడాయి, పనితనం కూడా రోముకు బాగా దగ్గరగా వచ్చింది. ఇక్కడ విడి నాణెం పట్టుకుని చెప్పగలిగేవాళ్ళు తక్కువ. అచ్చుల లంకెలు వెతకాలి. ఇందాక గుర్తు పెట్టుకోమన్నాను కదా, ఒకే తల అచ్చు రెండు మూడు బొరుసులతో జతపడుతుందని. ఒక బొరుసు తూర్పుదని ఖాయంగా తెలిస్తే, ఆ తల అచ్చుతో వచ్చిన మిగతా బొరుసులూ తూర్పువే. అచ్చు ఒకటేనా అన్నది ఎలా తేల్చాలి? పోలిక చాలదు. రెండు ఫొటోలూ ఒకే సైజు చేసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, ప్రతి అక్షరం కొస ముక్కు మొన నుంచి ఎంత దూరంలో ఉందో కలవాలి. అచ్చులో పగులు ఉంటే ఇంకా మంచిది, పగులు ఇద్దరు చెక్కలేరు.

పేరు ఊహ అన్నాను కదా, ఊహ తప్పిన సందర్భం కూడా చూడండి. టైటస్ చక్రవర్తి కాలం, 80, 81. రోము పనితనం కాని ఇత్తడి, రాగి నాణేల గుంపు ఒకటుంది. గుంపును విడదీసినవాళ్ళు సరిగ్గానే విడదీశారు. పేరు లుగ్దునం అని పెట్టారు, రోము కాకపోతే లుగ్దునమే అయ్యుండాలన్నట్టు. తీరా అవి దొరుకుతున్నది ఎక్కడ? బాల్కన్ ప్రాంతాల్లో. ఇత్తడి, రాగి చిల్లర బంగారంలా దూరాలు పోదు, పుట్టిన చోటికి దగ్గర్లోనే తిరుగుతుంది. 2007లో వచ్చిన సవరించిన కేటలాగు దాన్ని తూర్పు టంకశాలగా మార్చింది, బహుశా బాల్కన్‌లోని త్రేసు అని. శైలి చూసిన కన్ను తప్పలేదు, పేరు తప్పింది.

మరి నీరో కాలపు లుగ్దునం ఎలా ఖాయం? లుగ్దునంలో రోమన్లు బంగారు, వెండి నాణేలు కొడతారని గ్రీకు రచయిత స్ట్రాబో తన భూగోళ గ్రంథంలో రాశాడు. అక్కడి టంకశాలకు కాపలా ఉన్న దళంలో సైనికుడి శాసనం దొరికింది. ఇత్తడి, రాగి నాణేలేమో ఫ్రాన్సు నేలలో గుట్టలుగా దొరుకుతాయి. మూడు వైపుల నుంచీ సాక్ష్యం కలిసింది.

మూడో శతాబ్దాన్ని తొందరగా దాటేద్దాం, అక్కడ రాతే చాలావరకు దారి చూపిస్తుంది. ట్రెబోనియానస్ గాలస్ చక్రవర్తి, 251 నుంచి 253. కిరణాల కిరీటం పెట్టుకున్న తల ఉండే అంటోనినియానస్ నాణేలు. రోములో 'ఇంప్' తర్వాత సి, ఏ, ఈ అని మూడు అక్షరాలు, ఆ తర్వాత ఇంకో సి. మిలాన్‌కు ఇచ్చే గుంపులో ఇంప్ తర్వాత వట్టి సి, సి. అంతియొకయలో కూడా సి, సి, కానీ చివర ఆగ్‌కు ముందు పి, ఎఫ్ చేరుతుంది. అంతియొకయలో భుజాల కింద చుక్కలో, రోమన్ అంకెలో కూడా ఉంటాయి, ఏ పని విభాగం కొట్టిందో చెప్పడానికి. ఈ మూడూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే రాత చెరిగిపోయిన నాణేన్ని కూడా పోల్చడం వారం పది రోజుల్లో పట్టుబడుతుంది. ఇదీ నీరో పాఠమే, గుర్తును మూసి చూడటం.

మన నేలలో దొరికినవి

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో 1531 రోమన్ వెండి దీనారాలు ఒకేచోట దొరికాయి. అగస్టస్‌వి, టైబీరియస్‌వి. ఈ ఇద్దరి దీనారాలే దక్కనులో, దక్షిణాదిలో ఎక్కువగా దొరుకుతాయి, అందులోనూ రెండు రకాలు. ఒకటి అగస్టస్ మనవలు గయస్, లూసియస్ డాళ్ళూ ఈటెలతో నిలబడ్డది. రెండోది టైబీరియస్ తల, బొరుసు మీద కుర్చీలో కూర్చున్న స్త్రీ, 'పాంటిఫ్ మాగ్జిమ్' అని రాత. రెండూ లుగ్దునానికి ఇచ్చేవే.

టైబీరియస్ రకంలో చూడాల్సింది కుర్చీ. కాళ్ళు సాదాగా ఉన్నాయా, చెక్కడపు పనితో ఉన్నాయా. కుర్చీ కింద గీత ఒకటా, రెండా. ఇవి టంకశాలను కాదు, అదే టంకశాలలో వరస క్రమాన్ని చెబుతాయి. ఇంతకంటే మనకు ముఖ్యమైన ప్రశ్న ఇంకోటుంది. ఇది లుగ్దునందా, లేక ఇక్కడే చేసిన నకలా?

ఇక్కడ నకళ్ళు చేశారు, అందులో అనుమానం లేదు. కొండాపూర్‌లో రోమన్ నాణేలను పోలిన మట్టి బిళ్ళలు కూడా దొరికాయి. నకలు పనివాడు మంచి కంసాలి అయితే ముఖం చక్కగా దించేస్తాడు. ముఖం చూసి మోసపోయేది ఇక్కడే. పట్టిచ్చేది అక్షరం. అతనికి లాటిన్ రాదు, అక్షరం అతనికి బొమ్మ మాత్రమే. మొదటి మూడు నాలుగు అక్షరాలు శ్రద్ధగా దించుతాడు, తర్వాత నిలువు గీతలు, అరచంద్రాలు, సున్నాలు. ఎస్ తిరగబడుతుంది. ఒక్కోసారి తల కూడా ఎడమకు తిరుగుతుంది. ఎందుకు? అచ్చు మీద తిరగేసి చెక్కాలి కదా. చేతిలో ఉన్న నాణేన్ని చూసినది చూసినట్టు అచ్చు మీద చెక్కితే, కొట్టాక అంతా అద్దంలో చూసినట్టు వస్తుంది. టైబీరియస్ తల అసలు రకంలో కుడివైపు చూస్తుంది. ఎడమకు చూస్తూ, అక్షరాలూ తిరగబడి ఉంటే నకలని దాదాపు ఖాయం.

నకళ్ళను అలెక్సాండ్రియాకో, ఇంకో తూర్పు టంకశాలకో అంటగట్టడం పాత తప్పు. రోములా లేదు కాబట్టి తూర్పుది అనే తర్కం. రోములా లేనివన్నీ ఒక గుంపు కావు.

ఇక నకలు వేరు, ఇప్పటి దొంగ నాణెం వేరు. పోత పోసిన దొంగ నాణెం మీద శైలి అచ్చం అసలుదే, ఎందుకంటే అసలు నాణెం నుంచే మూస తీశారు. అక్కడ శైలి చూసి లాభం లేదు. పది రెట్లు పెంచే భూతద్దంతో అక్షరం మొదలు చూడండి. దెబ్బతో కొట్టినదైతే లోహం అంచు వైపు పాకిన సన్నని చారలు కనిపిస్తాయి. పోత పోసినదైతే చారలుండవు, అక్షరం గుండ్రబడి ఉంటుంది, నేల మీద గుంటలు, అంచున అతుకు గీత లేదా దాన్ని అరగదీసిన గుర్తు. రాగి బిళ్ళకు వెండి తొడుగు వేసిన పాత నాణేలు ఇంకో బెడద. వాటికి అచ్చు అసలు నాణెం నుంచి తీసి ఉండవచ్చు, రోము తలకు తూర్పు బొరుసు జతచేసి ఉండవచ్చు. అంచు దగ్గర పచ్చటి మచ్చ కనిపిస్తే, బరువు అర గ్రాము తగ్గితే, దాని శైలి మీద సిద్ధాంతాలు కట్టకండి.

అరుగుదల గురించి కూడా. అరిగితే ముందు జుట్టు పోతుంది, తర్వాత దండ, తర్వాత చెవి. అక్షరాలు మిగిలేది లోతు అంచున. మీసం గడ్డం అరిగిపోయిన సెవెరస్ ఇంకెవరిలాగో కనిపిస్తాడు, అది కొత్త శైలి కాదు. శుభ్రం చేస్తామని చింతపండు, నిమ్మకాయ పట్టించకండి. ఆమ్లం మొదట తినేది అక్షరం కొసలనే, మనకు కావలసింది అవే. శుద్ధ నీళ్ళలో నానబెట్టి, మెత్తటి బ్రష్షు, అంతే.

ఫొటో ప్రశ్న అడిగారు ఎవరో. ఫొటో చూసి చెప్పొచ్చా అని. చెప్పొచ్చు, ఫొటో సరిగ్గా తీస్తే. దీపం ఒక్కటే, ఎడమవైపు పైనుంచి, కాస్త ఏటవాలుగా. ప్రతి నాణేనికీ అదే కోణం. కోణం మారితే ముక్కు మారుతుంది, గడ్డం మారుతుంది, ఒకే నాణెం రెండు ఫొటోల్లో ఇద్దరు పనివాళ్ళదిలా కనిపిస్తుంది. రెండు వైపులా తీయాలి. బరువు వందో వంతు గ్రాము దాకా, అచ్చుల దిశ గడియారం లెక్కన, ఈ రెండూ ఫొటో పక్కనే రాయాలి. అమ్మకం చీటీ మీద ఉన్న టంకశాల పేరు మాత్రం మీ కాగితం మీద ఎక్కించకండి. ఒకరు రాసింది చూసి ఇంకొకరు రాస్తారు, పది చీటీలున్నా సాక్షి ఒక్కడే.

ఇంకోటి, పొలంలోనో పునాదిలోనో దొరికితే. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయలు మించిన విలువైనది ఏది దొరికినా కలెక్టరుకు తెలియజేయాలి. చట్టం మాట అటుంచినా, కుండనూ నాణేలనూ కలిపి ఉంచండి, పంచుకోకండి. పక్కన ఏమున్నాయన్నది పోతే, ఇందాక టైటస్ నాణేలకు ఊరు చూపించిన సాక్ష్యం లాంటిది మనకు ఉండదు.

ఇప్పుడు ట్రేలు తిప్పుతున్నాం. ఒక్కో ట్రేలో పన్నెండు నాణేల ఫొటో కార్డులున్నాయి, సెవెరస్‌వీ డొమ్నావీ కలిపి. కాస్ రెండు అని ఉన్నవి ముందు ఏరి పక్కన పెట్టండి. తర్వాత రాణి కార్డులు తీసుకోండి, తల వైపు బోర్లా పెట్టి, బొరుసు రాత ఒక్కటే చూసి జతచేయండి. ఏ ఊరని రాయకండి. ఒకటో చెయ్యి, రెండో చెయ్యి అని రాయండి చాలు.